గ్లాసులో నీళ్ళు, చింతపిక్కలు, చపాతీ పిండి: పియాజే పరీక్షలు ఇంట్లోనే ఎలా చెయ్యాలి?

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) నోటిఫికేషన్ పడిందంటే చాలు, ఒకే ప్రశ్న పది చోట్ల నుంచి వస్తుంది. "పియాజే దశలన్నీ కంఠతా వచ్చేశాయండీ, కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తప్పు పెట్టేసి వస్తున్నాం. ఎలా చదవాలి?" అని. తల్లిదండ్రులు అడిగేది ఇంకోటి. "మా వాడికి ఆరేళ్ళు నిండాయి. పాలు పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయని సంబరపడతాడు, వెడల్పు గిన్నెలో పోస్తే తగ్గిపోయాయని ఏడుస్తాడు. వీడి బుర్రలో ఏమైనా తేడా ఉందంటారా?"

తేడా ఏమీ లేదు. ఆరేళ్ళకి అలా అనడం మామూలే. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే: పుస్తకం పక్కన పెట్టి, ఒక పిల్లనో పిల్లాడినో ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ పరీక్ష మీరే చేసి చూడండి. అరగంట పని. సామానంతా వంటింట్లోనే దొరుకుతుంది. అమలాపురంలో ఉన్నా, లంక గ్రామంలో ఉన్నా, భీమవరంలో మూడో అంతస్తులో ఉన్నా ఇబ్బంది లేదు.

చేసే తీరు తెలియకపోతే మాత్రం ఫలితం చెడుతుంది. చాలామంది నీళ్ళు అటూ ఇటూ పోసి, గబగబా అడిగేసి, "తప్పు చెప్పింది, కాబట్టి పూర్వ ప్రచాలక దశ" అని రికార్డులో రాసేసి లేచిపోతారు. అలా చేస్తే పని సగంలో వదిలేసినట్టే. పిల్ల ఆ జవాబు ఎందుకు చెప్పిందో అడిగి రాబట్టడమే దీనిలో అసలు పని.

ముందు రెండు ముక్కల సిద్ధాంతం

జీన్ పియాజే (1896–1980) స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వవేత్త. 1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షల మీద పనిచేస్తుండగా, ఒక వయసు పిల్లలంతా ఒకే రకం తప్పు చెయ్యడం ఆయన కంటబడింది. ఆ తప్పుల వెనక ఏ ఆలోచన ఉందా అని తవ్వుకుంటూ పోతే వచ్చినవే మనం చదివే దశలు. పుట్టుక నుంచి రెండేళ్ళ వరకు ఇంద్రియ చాలక దశ (చూసి, తాకి, కదిలించి తెలుసుకునే వయసు), 2 నుంచి 7 వరకు పూర్వ ప్రచాలక దశ (కంటికి కనబడినదాన్నే నమ్మే వయసు), 7 నుంచి 11 వరకు మూర్త ప్రచాలక దశ (ఎదురుగా ఉన్న వస్తువుల గురించి తర్కించగలిగే వయసు), ఆపైన అమూర్త ప్రచాలక దశ (కంటికి కనబడనివాటి గురించీ తర్కించగలిగే వయసు). ఈ వయసులు సుమారువి. ఏడో పుట్టినరోజు కేకు కోసిన మర్నాడు దశ మారిపోదు.

మనం ఎక్కువగా చూడబోయేది పదిలపరచుకొనే భావన. గిన్నె మారినా, ఆకారం మారినా, ఏమీ కలపకుండా ఏమీ తీయకుండా ఉంటే సరుకు అంతే ఉంటుందని తెలియడం. సిద్ధాంతం ఇంత చాలు.

ఏమేం కావాలి

- ఒకే రకం గాజు గ్లాసులు రెండు, సన్నగా పొడుగ్గా ఉండేది ఒకటి, వెడల్పు గాజు గిన్నె ఒకటి. స్టీలు గ్లాసులు పనికిరావు, నీటిమట్టం బయటికి కనబడదు. పొడుగు గ్లాసు లేకపోతే కూల్‌డ్రింక్ సీసా మెడ కోసేసి, అంచు గీసుకోకుండా టేపు చుట్టి వాడుకోండి.
- నీళ్ళు, అందులో చిటికెడు పసుపు. రంగుంటే మట్టం స్పష్టంగా తెలుస్తుంది.
- ఇంచుమించు ఒకే సైజు చింతపిక్కలు పదహారు.
- చపాతీ పిండి ముద్ద. వినాయక చవితి రోజులైతే బంకమట్టి ఇంకా మంచిది.
- చీపురులోంచి తీసిన కొబ్బరి ఈనెలు రెండు, ఒకే పొడుగుకు కత్తిరించినవి.
- బంతిపూలు ఐదు, మందారాలు రెండు.
- ఒక చిన్న బొమ్మ. ఏడాది లోపు బిడ్డని చూసేట్టయితే గిలక్కాయ, రెండు తువ్వాళ్ళు.
- నోటు పుస్తకం. తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఫోన్‌లో వీడియో. ఆ వీడియో మీ దగ్గరే ఉండాలి, స్టేటస్‌లో పెట్టకూడదు.

జాగ్రత్త: మూడేళ్ళ లోపు పిల్లలకి చింతపిక్కలు అందనివ్వకండి. నోట్లోనో ముక్కులోనో పెట్టేసుకుంటారు. గాజు సామాను మీ చేతిలోనే ఉండాలి, పొయ్యడం మీరే పొయ్యండి.

ఎప్పుడు, ఎక్కడ

బడి నుంచి వచ్చి, ఏదో ఒకటి తిని, ఆటకి పరుగెత్తబోయే ముందు అయితే బాగుంటుంది. ఆకలి మీద, నిద్ర మీద ఉన్న పిల్ల నోటికొచ్చింది చెబుతుంది. టీవీ ఆపండి. గదిలో మీరూ పిల్లా ఉంటే చాలు. అన్నలూ అక్కలూ ఉంటే ముందే జవాబు అందించేస్తారు. అందరికంటే కష్టం అమ్మమ్మలతో. మనవరాలు తప్పు చెప్పిందని తెలియగానే, "సరిగ్గా చూసి చెప్పమ్మా, తల్లీ!" అని గుమ్మంలోంచి అందుకుంటారు. ఆవిడకి ముందే చెప్పుకోండి: "ఇందులో తప్పూ ఒప్పూ లేవండీ, పిల్ల ఎలా ఆలోచిస్తుందో చూస్తున్నాం అంతే."

ఒక్క పిల్లతో ఆపకండి. మీ వీధిలోనే నాలుగైదేళ్ళ పిల్ల ఒకరు, ఆరేడేళ్ళ పిల్ల ఒకరు, తొమ్మిదేళ్ళ పిల్ల ఒకరు దొరుకుతారు. ముగ్గుర్నీ విడివిడిగా చూస్తే దశలు కళ్ళ ముందే తెలుస్తాయి. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అంత స్పష్టంగా రాదు.

చేసే విధానం

1. ముందు మాటల్లో పెట్టండి. ఊరికే కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే బడి పరీక్ష అనుకుని బిగుసుకుపోతారు. "ఇదొక ఆటరా నాన్నా, నీకేమనిపిస్తే అదే చెప్పు" అనండి. రెండు తేలిక ప్రశ్నలు వెయ్యండి: ఈ గ్లాసు పెద్దదా, ఆ గ్లాసు పెద్దదా? ఈ కుప్పలో పిక్కలు ఎక్కువున్నాయా, ఆ కుప్పలోనా? ఎక్కువ, తక్కువ, ఒకటే అనే మాటలు పిల్లకి అర్థమవుతున్నాయో లేదో ఇక్కడే తెలిసిపోతుంది. అవి తెలియని పిల్లతో ముందుకెళ్ళి లాభం లేదు.

2. చింతపిక్కలతో మొదలుపెట్టండి. ఎనిమిది పిక్కలు ఒక వరసలో, దాని కింద ఇంకో ఎనిమిది సరిగ్గా ఎదురెదురుగా పేర్చండి. "పై వరస నాది, కింద వరస నీది. ఇద్దరికీ ఒకటే ఉన్నాయా, ఎవరికైనా ఎక్కువున్నాయా?" ఒకటే అన్నాక, పిల్ల చూస్తుండగానే మీ వరసని దూరం దూరంగా జరిపి పొడుగు చెయ్యండి. అదే ప్రశ్న మళ్ళీ వెయ్యండి. పియాజే పద్ధతి ఇదే; ఇలా రెండుసార్లు అడగడంలో ఉన్న చిక్కు పొరపాట్ల దగ్గర చెబుతాను. నాలుగైదేళ్ళ పిల్లల్లో చాలామంది "నీకే ఎక్కువ" అంటారు. కొందరు లెక్కపెట్టి, "ఎనిమిది, ఎనిమిది" అని చెప్పి కూడా మీకే ఎక్కువ అంటారు. కంగారు పడకండి, మీరు చూడాల్సింది అదే. అంకెలు చెప్పడం వేరు, సంఖ్య మారదని తెలియడం వేరు. ఎల్‌కేజీలో వంద దాకా అప్పజెప్పేస్తోందని మురిసిపోయే ఇళ్ళల్లో ఈ ఒక్క ఆట ఆడించి చూపించాలనిపిస్తుంది నాకు.

3. ఇప్పుడు నీళ్ళు. నిదానంగా చెయ్యాల్సింది ఇదే.

రెండు ఒకే రకం గ్లాసుల్లో సమానంగా పసుపు నీళ్ళు పొయ్యండి. "ఇది నీది, ఇది బొమ్మది. ఇద్దరికీ ఒకటే ఉన్నాయా?" పిల్ల వంగి, కళ్ళు చిట్లించి, మట్టం పక్కమట్టం చూసి "బొమ్మకి కొంచెం ఎక్కువ" అనొచ్చు. అంటే చుక్క తీసి ఇందులో పొయ్యండి. "ఇప్పుడో?" తనంతట తాను "ఆఁ, ఇప్పుడొకటే" అనే దాకా కదలకండి. ఈ ఒప్పందం కుదరకుండా ముందుకెళితే తర్వాత వచ్చే జవాబు దేనికీ పనికిరాదు.

ఒప్పుకున్నాక, బొమ్మ గ్లాసులో నీళ్ళు పొడుగు గ్లాసులోకి వంచండి. చుక్క కింద పడకూడదు. పడితే పిల్ల దాన్నే పట్టుకుంటుంది, అది న్యాయమే కూడా. ఖాళీ గ్లాసు పక్కనే ఉంచండి. అడగండి: "ఇప్పుడు నీకు ఎక్కువున్నాయా, బొమ్మకి ఎక్కువున్నాయా, ఇద్దరికీ ఒకటేనా?"

జవాబు రాగానే ఆగిపోవద్దు. "ఎందుకని?" అనండి. ఇక నోరు మూసుకోండి. పదిసెకన్లు మౌనం భరించడం పెద్దవాళ్ళకి కష్టంగానే ఉంటుంది, కానీ పిల్ల ఆలోచించుకునే సమయం అది. ఐదేళ్ళ పిల్ల సాధారణంగా గ్లాసు మీద వేలు పెట్టి, "ఇక్కడి దాకా వచ్చాయి కదా!" అంటుంది. ఎత్తు ఒక్కటే చూసింది, వెడల్పు చూడలేదు. టెట్ పుస్తకాల్లో ఏకమితి అని చదివేది దీన్నే. అప్పుడు "మళ్ళీ ఆ పాత గ్లాసులోనే పోసేస్తే ఎక్కడిదాకా వస్తాయి?" అని అడగండి. సరిగ్గానే చూపించవచ్చు. అయినా ఇప్పుడు మాత్రం బొమ్మకే ఎక్కువ అంటుంది! వెనక్కి పోస్తే ఏమవుతుందో ఊహించగలిగినా, ఆ ఊహని తన జవాబుకి సాయంగా తెచ్చుకోలేకపోతోంది. విపర్యయాత్మక ఆలోచన లేకపోవడం అంటే ఏమిటో ఇక్కడ తెలిసినంత బాగా ఎక్కడా తెలియదు.

తర్వాత పొడుగు గ్లాసు నీళ్ళు వెడల్పు గిన్నెలో పోసి ఇంకోసారి చూడండి. ఈసారి "నాకే ఎక్కువ" అని జవాబు తిరగబడిందంటే పిల్ల మట్టాన్నే నమ్ముకుందని ఖాయం.

పొరపాటున కూడా నీళ్ళకి బదులు పాలో, కొబ్బరినీళ్ళో, హార్లిక్సో వాడకండి. తాగాలనుకున్న గ్లాసే ఎక్కువ అంటారు. ఎండాకాలం మధ్యాహ్నం కొబ్బరినీళ్ళు పోసి, ఎక్కువెక్కడ తక్కువెక్కడ అని అడిగితే పెద్దవాళ్ళయినా నిజం చెబుతారని నమ్మకం లేదు.

4. పిండి ముద్ద. రెండు సమానమైన ఉండలు చెయ్యండి. పిల్ల ఒప్పుకున్నాక ఒకదాన్ని జంతికలా పొడుగ్గా నలపండి. "ఎందులో పిండి ఎక్కువుంది, రెండిట్లో ఒకటేనా?" ఇక్కడ "ఏది పెద్దది?" అని అడగకూడదు. పెద్దది అంటే పొడుగైనది అనుకుని సరైన జవాబే చెబుతుంది, మీరు తప్పని రాసేస్తారు. ఎనిమిది దాటిన పిల్లలకి ఇంకో మెట్టు ఉంది. "రెండిటి బరువూ ఒకటేనా?" అనీ, "రెండూ నీళ్ళ గ్లాసుల్లో ముంచితే నీళ్ళు ఒకే ఎత్తుకి లేస్తాయా?" అనీ అడగండి. రెండోదానికి తడబడే తొమ్మిదేళ్ళ పిల్లలు బోలెడుమంది.

5. కొబ్బరి ఈనెలు. రెండూ పక్కపక్కన, కొసలు కలిసేలా పెట్టి ఒకటే పొడుగని ఒప్పించండి. ఒకదాన్ని బెత్తెడు ముందుకి జరపండి. ఏది పొడుగో అడగండి, ఎందుకో అడగండి.

6. పూలు. బంతిపూలు ఐదు, మందారాలు రెండు కలిపి పెట్టండి. ఇవన్నీ పూలేనా అని ముందు ఒప్పించి, "బంతిపూలు ఎక్కువున్నాయా, పూలు ఎక్కువున్నాయా?" అని అడగండి. ఆరేళ్ళలోపు పిల్లలు తడుముకోకుండా "బంతిపూలే" అంటారు. బంతుల్ని మందారాలతో పోల్చేశారు. బంతి కూడా పూలల్లో ఒక భాగమేనని ఒకేసారి రెండు రకాలుగా చూడటం ఇంకా రాలేదు. పూలు దొరక్కపోతే వాడేది ఏదైనా పిల్ల వాడుకలో నిస్సందేహంగా ఒకే జాతిది కావాలి. అరటిపళ్ళూ జామకాయలూ కలిపి పళ్ళు ఎన్నని అడిగితే, "జామకాయ పండెలా అవుతుంది?" అని మిమ్మల్నే నిలదీస్తారు.

7. అవతలివాడి చూపు. పీట మీద ఒక చెంబు, ఒక కొబ్బరికాయ, ఒక చిన్న డబ్బా పెట్టండి. పిల్లని చుట్టూ ఒకసారి తిప్పి, ఒక వైపు కూర్చోబెట్టండి. బొమ్మని ఎదుటి వైపు పెట్టండి. ముందే నాలుగు వైపుల నుంచీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకోండి. "బొమ్మకి ఎలా కనబడుతోంది?" అని ఆ నాలుగూ చూపించండి. చిన్నపిల్లలు తమకి కనబడే ఫొటోనే చూపిస్తారు. పియాజే మూడు కొండల నమూనాతో చేసింది ఇదే, అహం కేంద్రవాదం అన్నదీ దీన్నే.

ఇందులో ఒక మెలిక ఉంది. 1970ల్లో మార్టిన్ హ్యూస్ ఇదే ప్రశ్నని దొంగా పోలీసు ఆటగా మార్చి, "పోలీసుకి కనబడకుండా బొమ్మని ఎక్కడ దాస్తావు?" అని అడిగితే మూడున్నర, నాలుగేళ్ళ పిల్లలు కూడా చక్కగా దాచారు. అట్టముక్కలు రెండు శిలువ ఆకారంలో నిలబెట్టి మీరూ ఆడించి చూడండి. ఫొటోలతో ఓడిన పిల్ల దీంట్లో నెగ్గితే, పిల్లలో లోపం కంటే ప్రశ్నలో బరువు ఎక్కువైందని రాసుకోండి.

ఏడాది లోపు బిడ్డ ఉంటే

తువ్వాలు కింద గిలక్కాయ దాచండి, బిడ్డ చూస్తుండగానే. ఆరు నెలల బిడ్డ చాలావరకు తువ్వాలు జోలికి పోదు. ఎనిమిది నెలలు దాటాక లాగి తీసుకుంటుంది. ఇప్పుడు అసలు తమాషా: మొదటి తువ్వాలు కింద రెండు మూడుసార్లు దాచి తీయనిచ్చాక, బిడ్డ కళ్ళెదుటే రెండో తువ్వాలు కింద దాచండి. చూసి కూడా మొదటిదాన్నే ఎత్తి వెతికే బిడ్డలు ఎనిమిది నుంచి పన్నెండు నెలల మధ్య కనబడతారు. వస్తు స్థిరత్వ భావన (కంటికి కనబడకపోయినా వస్తువు ఉంటుందని తెలియడం) ఇంకా గట్టిపడలేదని పియాజే అన్నాడు. చెయ్యి చాచి తీసుకోవడాన్ని బట్టే అంచనా వెయ్యకూడదని తర్వాతివాళ్ళ వాదన. రెనే బయార్జన్, తోటివారు 1985లో ఐదు నెలల బిడ్డలకి జరగడానికి వీల్లేని దృశ్యం చూపిస్తే, దాన్నే ఎక్కువసేపు చూశారు. వస్తువు అక్కడే ఉందని చేతులకంటే ముందు కళ్ళకి తెలుసన్నమాట.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది ఒకే ప్రశ్నని రెండుసార్లు అడిగి, ఆ జవాబునే ఖాయమనుకోవడం. పొయ్యక ముందు "ఒకటేనా?" అని అడిగారు, పోశాక మళ్ళీ "ఒకటేనా?" అన్నారు. బడికెళ్ళే పిల్లకి మాస్టారు రెండోసారి అడిగారంటే మొదటి జవాబు తప్పని అర్థం! టపీమని మార్చేస్తుంది. 1974లో రోజ్, బ్లాంక్ అనే పరిశోధకులు చూపించింది ఇదే: మార్చాక ఒక్కసారే అడిగితే ఆరేళ్ళ పిల్లల్లో సరైన జవాబులు పెరిగాయి. అందుకని ఒకరితో రెండుసార్లు అడిగే పద్ధతిలో, అదే వయసున్న ఇంకొకరితో ఒక్కసారే అడిగే పద్ధతిలో చేసి పోల్చండి.

రెండోది, చేత్తో మార్చడం. పెద్దమనిషి పనిగట్టుకుని వరసని జరిపాడంటే ఏదో మారి ఉంటుందని పిల్ల అనుకోవడం సహజం. 1970ల్లోనే మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరసని చెడగొట్టినట్టు ఆడించారు. చాలా ఎక్కువమంది పిల్లలు "ఒకటే" అన్నారు. మన ఇళ్ళల్లో దీనికి అల్లరి పిల్లి సరిపోతుంది: "అయ్యో, పిల్లొచ్చి పిక్కలన్నీ చెదరగొట్టేసింది! ఇప్పుడెలా ఉన్నాయి?" నా మటుకు నాకు, తల్లిదండ్రులు ఈ రెండో రకమే ముందు చెయ్యాలి. అనవసరపు టెన్షన్ సగం తగ్గుతుంది.

మూడోది మొహం. మీరు కనుబొమ్మలెత్తినా, పెదవి విరిచినా పిల్లకి జవాబు దొరికిపోతుంది. "మళ్ళీ చూడు" అన్నా అంతే. ఏం చెప్పినా "ఊఁ, అలాగా" అని ఒకే గొంతుతో అనడం అద్దం ముందు సాధన చెయ్యండి.

ఇంకోటి, ప్రశ్నలో వరస. "నీకు ఎక్కువా, బొమ్మకి ఎక్కువా, ఒకటేనా?" అని ఎప్పుడూ ఒకే క్రమంలో అడిగితే చిన్నపిల్లలు చివరి మాటే పట్టుకుని అప్పజెబుతారు. క్రమం మారుస్తుండండి. "సమానం" అనే మాట కూడా ఒకటో తరగతి పిల్లకి పుస్తకాల మాటే. "ఒకటేనా" అనండి.

మధ్యలో పాఠం చెప్పకండి. "చూడు తల్లీ, గ్లాసు సన్నం కదా, అందుకని..." అని మొదలెట్టారంటే ఆ రోజుకి పరీక్ష అయిపోయినట్టే.

ఫలితం సరైనదేనా, ఎలా తెలుస్తుంది?

"ఒకటే" అన్నంత మాత్రాన భావన వచ్చేసినట్టు రాయకండి. కారణం చూడండి. ఈ మూడింట్లో ఏదో ఒకటి తన మాటల్లో రావాలి:

- "ఏం కలపలేదు, ఏం తియ్యలేదు, ఆ నీళ్ళేగా!"
- "ఇది పొడుగు, కానీ సన్నం. అది పొట్టి, కానీ వెడల్పు."
- "మళ్ళీ ఆ గ్లాసులో పోస్తే అంతే వస్తాయి."

"నాకు తెలుసు", "మా టీచర్ చెప్పారు", "ఊరికే" అంటే లెక్కలోకి రాదు. కారణం వచ్చాక దాన్ని కదిపి చూడండి: "నిన్న నీలాంటి పాపే పొడుగు గ్లాసులో ఎక్కువున్నాయంది. మరి తను చెప్పింది కరెక్టేనా?" నిజంగా వచ్చిన పిల్ల నవ్వేస్తుంది, లేదా "ఆ పాపకి తెలీదు" అని మీకే నచ్చజెబుతుంది. రానిదైతే "ఔను, ఎక్కువే" అని మారిపోతుంది. ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఊగే పిల్లల్ని మధ్యస్థంగా ఉన్నారని రాసుకోండి. తప్పుల ఖాతాలోకి తొయ్యొద్దు.

ఒక పరీక్షతో తీర్పు చెప్పకండి. సంఖ్య, పొడుగు సుమారు ఆరేడేళ్ళకి వస్తాయి. పిండి పరిమాణం ఏడెనిమిదికి, బరువు తొమ్మిది పదికి, ఘనపరిమాణం పదకొండు పన్నెండుకి. పిక్కల్లో గెలిచి బరువులో ఓడిన పిల్ల ఉంటే మీరు తప్పు చేసినట్టు కాదు, అలాగే ఉంటుంది.

ఇంటి వాతావరణం కూడా పనిచేస్తుంది. మెక్సికోలో కుండలు చేసేవాళ్ళ పిల్లలు మట్టి ముద్ద పరీక్షలో ఇతర పిల్లలకంటే ముందున్నారని 1969లో ఒక పరిశోధన వచ్చింది. కాబట్టి మీ వీధిలో పాలు కొలిచి పోసే ఇంటి పిల్లలుంటే నీళ్ళ పరీక్ష వాళ్ళతో తప్పకుండా చేసి చూడండి. పొద్దున్నే పావులీటరు, అరలీటరు కొలతలు రకరకాల గిన్నెల్లోకి వంచడం చూస్తూ పెరిగినవాళ్ళకీ, పాకెట్ పాలే చూసినవాళ్ళకీ జవాబులో తేడా ఉంటుందేమో మీకే తెలుస్తుంది. తేడా లేకపోయినా అదీ రాసుకోవాల్సిన విషయమే.

రికార్డు రాసేటప్పుడు

ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న బి.ఎడ్, డి.ఎల్.ఎడ్ వాళ్ళు చేసే పని ఒకటుంది: పిల్ల మాటని తమ మాటలోకి మార్చేసి రాస్తారు. "విద్యార్థిని ఎత్తును ఆధారంగా తీసుకొని సమాధానమిచ్చెను" అని రాస్తే, అది ఏ పుస్తకంలోంచైనా ఎత్తి రాయొచ్చు. "బొమ్మకే ఎక్కువ, ఇక్కడి దాకా వచ్చాయి కదా, అని గ్లాసు పై అంచు దగ్గర వేలు పెట్టింది" అని రాయండి. పిల్ల పేరు వద్దు, వయసు ఏళ్ళు నెలలతో సహా చాలు. ప్రశ్న మీరు అడిగిన మాటల్లోనే, ఎన్నిసార్లు అడిగారో, మధ్యలో ఎవరైనా వచ్చారో కూడా ఉండాలి.

ఏపీ టెట్ మొదటి పేపర్లో 150 మార్కులకి శిశు వికాసం, పెడగాజీకి (బోధనా శాస్త్రం) 30. అందులో పియాజే ప్రశ్న తిప్పి అడిగేది ఇలా ఉంటుంది: ఒక సంఘటన ఇచ్చి, ఏ లోపం అని. బొమ్మ కింద పడితే దానికి నొప్పెడుతుంది అంటే సర్వాత్మవాదం. అక్కకి తమ్ముడున్నాడని చెప్పి, ఆ తమ్ముడికి అక్క ఉందా అంటే లేదనడం విపర్యయాత్మకత లోపం. ఎత్తు మాత్రమే చూస్తే ఏకమితి. పరీక్ష చేసినవాళ్ళకి ఇవి బట్టీ పట్టాల్సిన పని ఉండదు, ఏ పిల్ల అందో గుర్తొస్తుంది.

తల్లిదండ్రులు ఎప్పుడు డాక్టర్ని కలవాలి?

నీళ్ళ గ్లాసుల్లో "తప్పు" చెప్పిందని ఎవర్నీ కలవక్కర్లేదు. ఇవి రోగం కనిపెట్టే పరీక్షలు కావు, తెలివి మార్కులు కూడా కావు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నర నిండినా ఒంటరిగా నడవకపోవడం, రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనకపోవడం, వచ్చిన మాటలు పోవడం: వీటికి ఆలస్యం చెయ్యకండి. "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి మాటలు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నా సరే. అంగన్‌వాడీ టీచర్‌కో, పీహెచ్‌సీలోనో చెబితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపిస్తారు. 2013లో మొదలైన ఈ పథకంలో పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూస్తారు. ముందు వినికిడి పరీక్ష చేయించమని అడగండి. మాట ఆలస్యం వెనక చెవి సమస్య ఉండటం అరుదేమీ కాదు.

నేర్పిస్తే రాదా?

చివరికి అందరూ అడిగేది ఇదే. మధ్యస్థంగా ఊగుతున్న పిల్లకి కొంత వస్తుంది. అంటే గంటసేపు గ్లాసుల పాఠం చెప్పమని కాదు. స్నానాల దగ్గర చెంబుతో బకెట్ నింపనివ్వండి, ఎన్ని చెంబులు పట్టాయో లెక్కపెట్టనివ్వండి. బియ్యం డబ్బాలోంచి పళ్ళెంలోకి, పళ్ళెంలోంచి డబ్బాలోకి పొయ్యనివ్వండి. పిండి కలిపేటప్పుడు ఒక ఉండ చేతికిచ్చి నలపనివ్వండి, మళ్ళీ ఉండ చెయ్యనివ్వండి. నాలుగేళ్ళ పిల్లకి మాత్రం వివరించే ప్రయత్నం మానెయ్యండి. "ఒకటే" అనడం నేర్చుకుంటుంది, కారణం అడిగితే మీ మొహం చూస్తుంది. మళ్ళీ పరీక్ష చెయ్యాలనుంటే ఐదారు నెలలు ఆగండి. ఈసారి గ్లాసుల ఆకారం మార్చి చెయ్యండి.